బేసిన్‌లో రంపం

“ఈ స్ప్రింగు ఎక్కడిది పిన్నీ?” పక్క వాటాలో ఉండే టైలరమ్మాయి మంచం కింద నుంచి దాన్ని బయటికి లాగింది.

“తాడు లాగే డబ్బాలోది. మూత తీయగానే ఎగిరి పారిపోయింది. ఈ ఇంట్లో ఉత్సాహంగా ఉన్నది అదొక్కటే.”

ఆవిడ నేల మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చుంది. ముందర చెట్లు కోసే మోటారు రంపం, ముక్కలు ముక్కలుగా. బట్టలు నానబెట్టే బేసిన్‌లోంచి ఒక్కో భాగమే తీసి, తుడిచి పెడుతోంది. గదిలో బోలెడు చోటుండగా దుప్పటి సరిగ్గా భర్త కుర్చీ ముందే పరిచింది. ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

చేతులు వణుకుతున్నాయి, ఇక చెట్లు కొట్టే పనిలోకి రావద్దని మేస్త్రీ చెప్పిన రోజున ఆయన ఇంటికొచ్చి, రంపాన్ని ఏ భాగానికాభాగం ఊడదీసి ఈ బేసిన్‌లో పడేశాడు. అప్పట్నుంచి నోరు విప్పలేదు. భార్యే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు లైటు వేసి చూసి, “గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా. మాట్లాడాలని ఆయనకే అనిపించాలి” అన్నాడు.

అనిపించలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగేది. కాసేపు ఆగి, సరిపోయిందని తనే చెప్పుకునేది. ఒక్క మాట, తిట్టయినా సరే, ఆయన నోట వినాలని ఉండేది. ఇంట్లో అప్పుడప్పుడూ గొంతు సవరించుకునేది ఫ్రిజ్ ఒక్కటే.

“ఈ తంటా మీకెందుకు పిన్నీ? షాపులో ఇచ్చేయొచ్చుగా?”

“ఎండుకొమ్మ మన కప్పు మీదికి వాలింది. కొట్టాలి.”

“మీరా!”

“లేకపోతే అదే మర్యాదగా దిగొస్తుందా?”

“బాబాయ్‌గారినే బిగించమనండి.”

“అన్నాను. తలూపారు. నిలువుగా కాదు, అడ్డంగా కాదు, ఏటవాలుగా.”

ఫోన్ వీడియోలో ఓ కుర్రాడు ‘మొదటిసారి రంపం బిగించేవాళ్ళు అస్సలు కంగారు పడకండి’ అని హుషారుగా చెబుతున్నాడు. ఆవిడ సౌండు పెంచి, ఫోన్‌ని ఆయన కుర్చీ కాలికి ఆనించింది.

“ఈ క్లచ్చి ఎంతకీ బిగుసుకోదేంటి?” అంటూ కుడివైపు తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఆయన కాలి బొటనవేలు కదిలింది.

“పిన్నీ, ఎడమకి తిప్పమంటున్నాడు. దీని మర రివర్సంట.”

“మర కుడికి తిప్పితేనే కదా బిగుస్తుంది! వీడికేం తెలుసు?”

కుర్చీ కిర్రుమంది. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన కాలు మార్చుకున్నాడు, అంతే. ఆవిడ నిట్టూర్చి క్లచ్చిని ఎడమకే తిప్పింది.

తర్వాత ఎయిర్ ఫిల్టరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసింది. “ఈ జల్లెడ లేకపోయినా నడుస్తుందిలే” అని, అది లేకుండానే మూత వేయబోయింది.

“అయ్యో, దుమ్మంతా ఇంజన్లోకి పోదూ? బట్టలు కుట్టుకునేదాన్ని, నాకే తెలుస్తోంది!” టైలరమ్మాయి ఫిల్టరు లాక్కుని తనే పెట్టింది. “ఏమనుకోకండి గానీ, మీకీ పని బొత్తిగా చేతకాదు. మా మిషను మీద మాత్రం చెయ్యి వేయకండి తల్లీ.”

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కిటికీ అవతల పక్కింటి గోడ తప్ప ఏమీ లేకపోయినా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఎవరో బట్టల కోసం పిలిస్తే ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఫోన్‌లో కుర్రాడు కూడా సెలవు తీసుకున్నాడు. ఇల్లు మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది.

ఇక మిగిలింది గొలుసు ఒక్కటే. అదీ అయిపోతే ఆయన ముందు కూర్చోడానికి వేరే సాకు లేదు. ఆవిడ పళ్ళ గొలుసును రంపం పొడవాటి ఇనప పట్టీ చుట్టూ మెల్లగా వేసింది. పైవరస పళ్ళు కొస వైపు చూడాల్సినవి, ఇంజను వైపు చూస్తున్నాయి. పైన మూత పెట్టి, నట్లు బిగించి, రంపాన్ని ఆయన పాదాల దగ్గరికి జరిపింది.

“అయిపోయిందండీ. రేపు కొమ్మ నేనే కొట్టేస్తాను.”

ఆయన మొహంలోకి చూసింది. తర్వాత తలొంచుకుని స్పానర్లు ఏరడం మొదలుపెట్టింది. ఒకటి దొరకలేదు. కళ్ళు మసగ్గా ఉండటం వల్ల అనుకుంది.

అది ఆయన చేతిలో ఉంది.

వణికే చేతులతోనే నట్లు వదులు చేశాడు. గొలుసు తీసి, తిప్పి, పళ్ళు కొస వైపు చూసేలా వేశాడు. స్పానరు జారబోతే ఆవిడ కింద అరచెయ్యి పట్టింది. ఆయన తలెత్తి, ఆవిడ వైపు సూటిగా చూసి, తుప్పు పట్టిన గొంతుతో అన్నాడు:

“ఈ పని నాకు నేర్పించిందే నువ్వు కదే!”