టబితా గడియారం

"బీన్సు మళ్ళీ చల్లారాయి!" మిసెస్ డ్రూ కుండను బల్ల మీద దభీమని పెట్టింది. "ఏడింటికి గంట కొట్టాలి కదమ్మా మీ మిల్లు! మీరేమో ఏడున్నరకి ఊడిపడతారు. దారిలో ఏ రాజకార్యాలు వెలగబెడుతున్నారు?"

"గంట కొట్టగానే పరిగెత్తుకుంటూ వచ్చాం," అంది టబితా.

"అంటే నా గడియారం అబద్ధాలకోరా? మీ గంట వినపడినప్పుడు దాన్లో ఏడూ ఇరవై రెండు. రోజూ పొద్దున్నే చర్చి గంటతో సరిచూస్తాను దాన్ని. పాస్టరుగారైనా ఆలస్యం కావాలిగానీ అది కాదు!"

అమెరికాలో మెర్రిమాక్ నది ఒడ్డున మిసెస్ డ్రూ నడిపే ఆ హాస్టల్లో ముప్పై మంది మిల్లు అమ్మాయిలు ఉంటున్నారు. 1844 మే నెల అది. మిసెస్ డ్రూ బీన్సు వేడిగా ఉంటే స్వర్గం. చల్లారితే మాత్రం తుపాకీలో కూరి కాల్చొచ్చు, దుప్పి అక్కడికక్కడే పడుతుంది.

టబితా పక్కనున్న కెజియా చేతికట్టు వైపు చూసింది. పోయిన మంగళవారం నిద్రమత్తులో కెజియా వేలి కొన మగ్గం బెల్టులో పడి నలిగిపోయింది.

"వేలు నలిగినప్పుడు మిల్లు గడియారంలో ఎంతయిందే?"

"ఏడుకి ఐదు తక్కువ."

"అంటే అసలు ఏడూ పదిహేడు. ఇక్కడ కూర్చుని బీన్సు తినాల్సిన టైము. రేపు మేస్త్రీని అడుగుతాను."

కెజియా చెంచా ఆగిపోయింది. "పోయిన నెల లూసిండా అడిగింది. హాస్టల్ ముసలావిడ గడియారం పిచ్చిదన్నాడు. లూసిండాని పీకేసి, ఇంకెవరూ పనివ్వకుండా ఆమె పేరు రాసి అన్ని మిల్లులకీ పంపాడు. ఇప్పుడు న్యూ హాంప్‌షైర్లో ఆవులకి టైము చెప్తోంది."

"లూసిండా ఉత్త చేతులతో అడిగింది."

టబితా మెడలోని నల్లదారం పట్టి లాగింది. గౌను లోపల్నుంచి వెండి గడియారం బయటికొచ్చింది. వాళ్ళ నాన్నది. ఆయన పోయినప్పట్నుంచీ అది ఆమె మెడలోనే ఉంది. స్నానానికి వెళ్ళినా తీయదు. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అమ్మాయిలూ ఎప్పుడూ అడగలేదు.

"ఇప్పుడెంతయిందే?" అంది కెజియా.

"నాన్న గడియారం ఊరికే తెరవను." పిడికిలి మూసేసింది.

"సరేలే. కనీసం ఆ పిప్పరమెంట్లు ఎక్కడ దాస్తావో చెప్పు. నోరు తెరిస్తే అదే వాసన. నీ పెట్టె వెతికాం, దిండు కూడా విప్పి చూశాం."

"చెప్తే మిగలనిస్తారా?"

మర్నాడు సాయంత్రం. మగ్గాల గదిలో చప్పుడు ఎంతంటే, పిడుగు లోపలికొచ్చినా సైగలతోనే మాట్లాడాలి. గోడ మీద నలభై ఒక్క రూల్సు వేలాడుతున్నాయి. కిటికీలోంచి చూడకూడదు. మగ్గానికి ఆనుకోకూడదు. నోట్లో ఏదీ నమలకూడదు. మిల్లు అమ్మాయికి గడియారం ఉండొచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు కాబట్టి, గడియారం మీద మాత్రం రూలు లేదు.

మేస్త్రీ థర్‌స్టన్ ముక్కు ఎగబీలుస్తూ తిరుగుతున్నాడు. పిప్పరమెంటు వాసన జాడ కోసం ఆరు నెలలుగా వేట. వారానికి రెండుసార్లు టబితా ఏప్రన్ జేబులు తిరగేస్తాడు. దొరికేది దూది.

గోడ మీది మిల్లు గడియారంలో ఆరూ నలభై అయింది. టబితా తన గడియారం మూత గోరంత తెరిచి, తన వైపే తిప్పుకుని చూసి, మూసింది. మగ్గం ఆపేసింది. కెజియా కట్టున్న చేత్తోనే తన మగ్గం పిడి లాగింది. ఆ పక్కది ఆగింది, దాని పక్కదీ ఆగింది. చివరికి గదిలో ఈగ కూడా సిగ్గుపడేంత నిశ్శబ్దం.

"ఏమైంది? మగ్గం చచ్చిందా?" థర్‌స్టన్ ఉరికొచ్చాడు.

"లేదండీ. ఏడు దాటింది."

"కళ్ళు పోయాయా? ఇంకా ఇరవై నిమిషాలుంది!"

"గోడ అలా అంటోంది. మా నాన్న గడియారం అలా అనట్లేదు."

"నీకు గడియారమా? ఇటు తే, చూస్తాను!"

టబితా గడియారాన్ని పిడికిట్లో బిగించింది. "ఇస్తానండీ. మీ కోటు జేబులోదీ తీయండి. రెండూ ఈ కిటికీ గట్టు మీద పెట్టి, అందరి ముందూ ఒకేసారి మూతలు తీద్దాం. మీదీ గోడదీ ఒకటే చెప్తే, నా పేరు కూడా రాసి అన్ని మిల్లులకీ పంపండి."

ఎగువ ఊళ్ళలో పది గంటల పనిదినం కోసం అర్జీల మీద సంతకాలు పెడుతున్నారట. ఇక్కడి అమ్మాయిలు ముందు పదమూడు గంటలు పదమూడుగానే ఉంటే చాలనుకుంటున్నారు. గదిలో ఉన్న వంద మందీ దగ్గరికి జరిగారు.

థర్‌స్టన్ చెయ్యి కోటు దాకా వెళ్ళి ఆగిపోయింది. "నాది... రిపేరుకిచ్చాను."

"మరి ఆ గొలుసు చివర కదుల్తున్నదేంటండీ, కోడిపిల్లా?" అంది కెజియా.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. థర్‌స్టన్ మొహం బీట్‌రూట్ అయింది. గోడ గడియారం కింద స్టూలెక్కాడు.

"చలికి దీన్లో నూనె గడ్డకట్టినట్టుంది," అన్నాడు, మే నెల చెమట తుడుచుకుంటూ. ముల్లు ఎంత జరపాలో ఎవర్నీ అడగలేదు. సరిగ్గా ఏడూ నాలుగు దగ్గర ఆపాడు. తర్వాత గంట కొట్టమని కిటికీలోంచి కేకేశాడు.

ఆ సాయంత్రం బీన్సు ఎంత వేడిగా ఉన్నాయంటే ముప్పై నాలుకలు కాలాయి. మిసెస్ డ్రూ మొదటిసారి తిట్టడానికి ఏమీ దొరక్క దేవుణ్ణి స్తుతించింది.

"రేపట్నుంచీ రోజూ టైముకే కొడతాడు," అంది కెజియా. "నీ గడియారం ఉన్నంతకాలం చచ్చినట్టు కొడతాడు. ఇప్పుడైనా చూపించవే, ఎంతయిందో."

టబితా అటూ ఇటూ చూసి, మూత పూర్తిగా తెరిచింది. ముళ్ళూ లేవు, చక్రాలూ లేవు.

లోపల మిగిలిన రెండు పిప్పరమెంట్లలో ఒకటి కెజియా చేతిలో పెట్టింది.