దోమ గొంతు బల్ల

తలుపు, పొయ్యి, భోజనాల బల్ల, ఇంట్లో సమస్తం టచ్‌స్క్రీన్ అయిపోయిన రోజులవి. చూపు లేని ఇందుమతికి వాటి వాడకం నేర్పింది వదిన రమణి. "ఒక్క వేలు మెల్లగా జరుపు. దాని కింద ఏముంటే అది చదివి వినిపిస్తుంది," అని విసుక్కుంటూనే చెప్పింది.

ఇందుమతి నేర్చుకుంది. ఆ గొంతు నత్తనడక నచ్చక వేగం పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు బల్ల చదువుతుంటే మిగతావాళ్లకి దోమ రొదలా ఉంటుంది.

"మీ చెల్లెలికి ఇంకా చేతకావడం లేదండీ. బల్లని కూడా పాడుచేసింది," అంది రమణి భర్తతో.

భోజనాల దగ్గర నోటితో మాట్లాడటం మర్యాద కాదు కనక, ఆ పూట రమణి బల్ల మీదే వేలితో రాసి భర్త వైపు జరిపింది. గ్లాసు కోసం తడుముతున్న ఇందుమతి వేలి కిందుగా ఆ అక్షరాలు వెళ్లాయి. దోమ రొద పెట్టింది. భర్త చదువుకుని తలూపాడు.

ఇందుమతి తీరిగ్గా నీళ్లు తాగింది.

"పప్పులో ఉప్పెక్కువైతే చెప్పొచ్చుగా వదినా. దానికే నన్ను వంటింట్లోకి రానివ్వకపోతే ఎలా?"

రమణి వేళ్లు బల్ల మీద గబగబా ఏదో గిలికాయి. ఇందుమతి వేలి కింద దోమ మళ్లీ పలికింది.

"సర్లే వదినా," అంది ఇందుమతి, "ఆ క్షమించమన్న ముక్క నోటితో చెప్పు."