కాకి ముందుగా చూసే చోటు

మడుగు దగ్గర రోజూ పొద్దున్నే కాకి కొలువు తీరేది. మద్దికొమ్మ మీద కూర్చుని ఎవరో ఒకరిని ఏకిపారేస్తుంటే, నీళ్లకొచ్చిన జంతువులు పడీపడీ నవ్వేవి. వారం రోజులుగా తీతువుపిట్ట వంతు.

"ఆకు రాలినా అరుస్తుంది, దిక్కుమాలిన గొంతు" అనేది కాకి.

నేల మీద గుడ్లు పెట్టుకుని కాపలా కాసే తీతువు, సిగ్గుపడి అరవడమే మానేసింది. నిన్న నక్క వచ్చినా నోరు మెదపలేదు. ఒక గుడ్డు పోయింది.

ఈ పొద్దున కాకి ఆ సంగతే ఎత్తుకుంది. "అరవాల్సినప్పుడు గొంతు పెగల్లేదట పాపం."

అన్నీ నవ్వాయి. తీతువు గట్టు మీదికొచ్చి నిలబడింది.

"మా జోలికే ఎందుకొస్తావు కాకిబావా?"

"నేనెవరినీ వదలను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ."

"అలాగా. నెల రోజులుగా పులి కుంటుతోంది. జింక దొరక్క కప్పల్ని తింటోంది. అదీ ఉన్నమాటే కదా, దాని మీద ఓ మాట అను. నవ్వుకుంటాం."

కాకి రెక్కలు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. మడుగు అంచున బురదకేసి ఓసారి చూసుకుంది.

"కాపలా కాసేదాన్ని, నాకన్నీ కనిపిస్తాయి" అంది తీతువు. "నోరు తెరిచేముందు రోజూ బురదలో పులి అడుగులు చూసుకుంటావు. అది వెళ్లిపోయిందని తేలాకే నీకు ధైర్యమొస్తుంది."

ముందు ముసలి దున్న నవ్వింది. తర్వాత కుందేలు. ఆపైన మడుగంతా కొమ్మకేసి చూసి నవ్వింది. కాకి చప్పుడు చేయకుండా ఎగిరిపోయింది.

తీతువు మిగిలిన మూడు గుడ్ల దగ్గరికెళ్లి అడవి దద్దరిల్లేలా అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పొదలో నక్క మాత్రం తోక ముడిచింది.