బొటనవేలి వంశవృక్షం

“చూడండి! ఇది తల్లి బొటనవేలు, ఇది కూతురి బొటనవేలు. ఒకే కీలు, ఒకే వంపు, ఇరవై రెండు డిగ్రీలు!”

డాక్టర్ ఒలింపో ఆ రెండు చేతులనూ జయించిన రాజ్యాల జెండాల్లా పైకెత్తాడు. సభ అంటే గులాబీ తోట భోజనశాల. సభ్యులంటే పూలు కోసే రెండు వందల మంది ఆడవాళ్లు. మూడేళ్లపాటు యాజమాన్యం పోసిన కాఫీ తాగుతూ, యాజమాన్యానికి ఏ పాపమూ తెలియదని కనిపెట్టిన మహా పరిశోధనకు ఫకతతివా ఊళ్లో ఆనాడు పట్టాభిషేకం. కార్మికశాఖ ఇన్‌స్పెక్టరమ్మ ప్రతి మాటా రాసుకుంటోంది.

“చెయ్యి వదలండి, నొప్పి!” అంది కూతురు నిదియా. “ఇది కత్తెర చేసిన పని. రోజుకి మూడు వేల కాడలు కత్తిరించండి, మీ వేలూ ఇలాగే తిరుగుతుంది.”

“వేళ్లు వంకరపోయిన మిగతా ముప్ఫై ఎనిమిది మంది సంగతా? కొందరికి వయసు. కొందరికి అంట్లు తోమడం,” అన్నాడు డాక్టరు.

“మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ వేలు కొలిచారా, డాక్టరుగారూ?” వెనకనుంచి ఎవరో అరిచారు. భోజనశాల గొల్లుమంది.

డాక్టరు చలించలేదు. “ఈ జంటదే తిరుగులేని సాక్ష్యం. ఇది రక్తదోషం, పుట్టుకతో వచ్చిన బలహీనత. కత్తెరలు మార్చే అవసరం లేదు. బలహీనులు సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదు.”

“బలహీనతా!” అంది నిదియా. “నేను పుట్టింది ఫిబ్రవరిలో, ప్రేమికుల రోజు పూల రద్దీలో. ఆ నెలంతా మా అమ్మ ఒక్క పూట మానలేదు. మీ హాజరు పట్టీ తీసి చూసుకోండి!”

“భేష్! గర్భంలోనే సంక్రమించిందన్నమాట,” అని డాక్టరు ఆనందంగా రాసుకున్నాడు.

తల్లి రోసల్బా కూతురి చొక్కా పట్టుకు లాగింది. “ఇంటికి పోదాం పదవే. కొన్ని సంగతులు తవ్వకూడదు.”

“నువ్వెప్పుడూ ఇంతే! నీ వేలు నాకిచ్చావు గానీ, ఈ నోరు ఎవరిచ్చారో!”

మళ్లీ నవ్వులు. రోసల్బా మాత్రం నవ్వలేదు. సోమవారం అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. లేచి నిలబడింది.

“నాకు చదువు రాదు, డాక్టరుగారూ. మా ఇద్దరి వేలికీ కారణం ఒకటేనా?”

“ఒకటే. మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేదో అదే. శాస్త్రం అంటే అది.”

“ఆ ఉమ్మడిది రక్తం కాకపోతే?”

డాక్టరు దయగా నవ్వాడు. “రక్తం కాకపోతే ఇక కత్తెరే, రోసల్బాగారూ.”

“ఆ ముక్క రాశారా అమ్మా?”

ఇన్‌స్పెక్టరమ్మ రాసింది. కింద గీత కూడా గీసింది.

రోసల్బా తన వంకర చేతిలోకి కూతురి వంకర చెయ్యి తీసుకుంది. ముప్ఫై ఏళ్లుగా చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదరుకు కూడా చెప్పని మాట ఇప్పుడు బయటపెట్టక తప్పలేదు. “నన్ను క్షమించవే,” అని నిదియాతో అని, డాక్టరు వైపు తిరిగింది.

“దీన్ని నేను కనలేదు, డాక్టరుగారూ.”