గడప దాటిన పిండి

ఏలూరు పవరుపేటలో ఆ రొట్టెల హోటల్ పెట్టి ముప్పై ఏళ్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, ఒక పొద్దున్న జ్ఞానప్రసూన మూకుడు మూత మీద నిప్పులు పోస్తుంటే అత్తగారు సుబ్బలక్ష్మి వీధి అరుగు మీంచి లోపలికొచ్చి, పాత పిండి గిన్నె తీసి చేతికిచ్చింది.

"ఇది ఎదురింట్లో ఇచ్చి రా అమ్మా. రోజూ కాస్త మినప్పిండి కలుపుతూ ఉండమను."

ప్రసూన తెల్లబోయింది. ఏ రోజు పిండిలోనైనా గుప్పెడు మిగిల్చి మర్నాటి పిండిలో కలపడమే వాళ్ల దిబ్బరొట్టె రుచి. ఆ గుప్పెడు ఏనాడూ గడప దాటలేదు.

"ఆయన చూస్తే మద్రాసు ఆసుపత్రిలో ఉన్నారు. మనకి మిగిలింది ఈ పొయ్యొక్కటేనండీ, అత్తయ్యగారూ. దీన్నీ పరాయివాళ్ల పాలు చేస్తారా?"

"తర్వాత తిడుదువుగాని. ముందు వెళ్లు."

ప్రసూన విసురుగా వెళ్లి ఇచ్చి వచ్చింది.

వచ్చేసరికి పొయ్యి ఆర్పేసి ఉంది. తినడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. అరుగు మీద టెలిగ్రాం జవాను ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. చేతిలో కాగితం ఉంది.

సుబ్బలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుంది.

"చావు కబురు చెవిన పడితే ఇంట్లో పిండంతా పారబొయ్యాలి కదమ్మా. రేపు నువ్వు బతకాల్సింది ఆ గుప్పెడుతోనే. మైల తీరాక తెచ్చుకో. అది గడప దాటేదాకా వాణ్ని బతికించుకున్నాను."

జవాను వైపు తిరిగింది.

"ఇక చదవండి బాబూ."