వేడినీళ్ళు పోయకండి

"అక్వేరియం ఒక్కటే అమ్ముతాను. రాళ్ళు ఇవ్వను," అంది ఇంటావిడ.

అద్దాల మేస్త్రి ఆ మాట చెవిన పెట్టలేదు. నాలుగడుగుల గాజు తొట్టె చుట్టూ తిరుగుతూ అంచుల్ని గోటితో గీకి చూస్తున్నాడు. మూలల్లో అద్దాల్ని అతికించిన సిలికాన్ నల్లబడి లేచిపోయింది. పక్కన బకెట్లో, ఉప్పునీళ్ళలో పగడపు రాళ్ళు ఉన్నాయి. వాటినిండా గోధుమరంగు గుండీల్లాంటి జీవాలు అతుక్కుని మెల్లగా ముడుచుకుంటున్నాయి.

"చేపల్ని చూస్తూ కూర్చుంటే కోపం తగ్గుతుందని డాక్టరు చెప్పారండీ ఈయనకి," అంది మేస్త్రి భార్య. ఆ తొట్టె ఇంటికొస్తే తన ఒంటి మీద దెబ్బలు తగ్గుతాయని ఆమె ఆశ.

అనవసరంగా నోరు విప్పింది. పరాయి ఇల్లని కూడా చూడకుండా మేస్త్రి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆమె వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"నా కోపం సంగతి ఊరంతా టాంటాం వేస్తావా?"

ఆమె ఏడవలేదు. పైకి జారిన జాకెట్టు చేతిని గబగబా కిందికి లాక్కుంది. ఈలోపే మోచేతి పైన కమిలిన మచ్చలు ఇంటావిడ కంటపడ్డాయి. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న తన చిటికెన వేలిని నిమురుకుంది ఆవిడ.

"మీవారు లేరా? మగాళ్ళతో అయితే బేరం తేలిగ్గా తెగుతుంది," అన్నాడు మేస్త్రి.

"హఠాత్తుగా పోయారు. ఏడాదైంది. ఇదంతా ఆయన ముచ్చటే." ఆవిడ బకెట్ ముందుకు జరిపింది. "సరే, రాళ్ళు కూడా పట్టుకెళ్ళండి. ఊరికే ఇస్తాను. వీటి మీద వేడినీళ్ళు మాత్రం పోయకండి. ఆ గుండీల్లో విషం ఉంటుంది. ఆవిరి పీలిస్తే ప్రాణానికే ముప్పు."

"ఇరవై ఏళ్ళుగా గాజు పనిలో ఉన్నా. ఆడాళ్ళు చెబితే గానీ తెలీదా నాకు?"

"వేడినీళ్ళు వద్దు," అంది ఆవిడ మళ్ళీ, అతని మొహంలోకి సూటిగా చూస్తూ.

తొట్టెని బండి ఎక్కిస్తుంటే ఇంటావిడ మేస్త్రి భార్యని పక్కకి పిలిచింది. "రాళ్ళ జోలికి నువ్వు వెళ్ళకు తల్లీ. ఆయన కడిగేటప్పుడు ఆ గదిలోనే ఉండకు."

ఇంటికొచ్చాక మేస్త్రి పాత సిలికాన్ అంతా బ్లేడుతో గీకేశాడు. అద్దం కదిలిందని, పట్టుకున్న భార్య మీదికి బ్లేడు విసిరాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. కొత్త సిలికాన్ పూసి, ఆరాక నీళ్ళు నింపితే ఒక మూల చుక్క కారింది. ఆరకముందే తొట్టెని జరిపింది అతనే. అయినా ఆమె తల పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. రెండోసారి అతికించాక చుక్క కారలేదు. హమ్మయ్య అనుకుంది ఆమె. ఇక చేపలు రావడమే తరువాయి.

"ముందు ఈ గజ్జి వదలాలి," అన్నాడు మేస్త్రి రాళ్ళు చూసి. "సగం ఇప్పుడు, సగం రేపు మరగబెట్టేస్తే పీడా పోతుంది."

"వద్దండీ! ఆవిడ రెండుసార్లు చెప్పింది."

వద్దన్న పని చేసి చూపించడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆడాళ్ళు వద్దంటే మరీను. ఆమెని జుట్టు పట్టుకుని వంటింట్లోంచి ఈడ్చి, నడుం మీద తన్ని బయటికి నెట్టాడు. లోపల గడియ పెట్టుకున్నాడు.

"ఏవండీ, కిటికీ అయినా తెరిచి ఉంచండి!"

ఠప్పున కిటికీ మూసిన చప్పుడైంది. కాసేపటికి దగ్గు మొదలైంది. తర్వాత గిన్నె దొర్లింది. పక్కింటివాళ్ళొచ్చి తలుపు పగలగొట్టేసరికి అతను గొంతు పట్టుకుని నేల మీద గిలగిలా కొట్టుకుంటున్నాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

పది రోజుల తర్వాత ఇంటావిడ వచ్చింది. చేతులకి తొడుగులు, మొహానికి మాస్కు వేసుకుని, మిగిలిన సగం రాళ్ళని ఒక్కొక్కటే చల్లటి ఉప్పునీళ్ళలోకి జాగ్రత్తగా మార్చింది.

"నేను ఇంకా గట్టిగా వద్దనాల్సిందండీ," అంటూ మేస్త్రి భార్య వెక్కి వెక్కి ఏడ్చింది. "పాపం, మీరైతే ముందే చెప్పారు. వింటేగా ఆ మనిషి!"

ఇంటావిడ బకెట్ మూత బిగించి, తొడుగులు తీసేసి, వంకర వేలితో ఆమె నుదుటి కుట్లని మెల్లగా తడిమింది.

"మా ఆయనకీ వద్దనే చెప్పాను."