దాటిపోయిన గేటు

"ఆపవయ్యా బండి! ఆ మలుపు తిరగగానే రోడ్డు పక్కనే ఆసుపత్రి. అక్కడ ఆగకుండా ఎక్కడికి పోతానంటావు?" అంబులెన్సు వెనక కూర్చున్న రోగి బావమరిది, డ్రైవరుకూ తమకూ మధ్యనున్న అద్దాన్ని అరచేత్తో దబదబా బాదాడు.

"నన్నడిగితే ఏం లాభం సార్? స్టీరింగే నాది, దారి సిస్టర్ గారిది," అన్నాడు డ్రైవరు వెనక్కి తిరగకుండానే.

సిస్టర్ చూడవలసింది అప్పటికే చూసింది. స్ట్రెచరు మీది పెద్దమనిషి ఎడమ చెయ్యి, ఎత్తి వదిలితే తనది కానట్టు పడిపోతోంది. మూతి వంకరపోయింది. చూపు కుడివైపుకు లాక్కుపోయి అక్కడే నిలిచింది. ఇవన్నీ కలిశాయంటే, మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళంలోనే గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. అలాంటి అనుమానం వస్తే దగ్గరి ఆసుపత్రిని దాటించి, ఆ గడ్డను బయటికి లాగే ఏర్పాటున్న పెద్దాసుపత్రికే నేరుగా చేర్చాలన్నది ఆ ప్రాంతపు అంబులెన్సులన్నిటికీ ఉన్న నియమం. ఆమె ఫోను చేసింది. అక్కడ స్కాను గది సిద్ధం చేస్తున్నారు.

"అమ్మాయ్, అసలు మా బావ ఎవరనుకుంటున్నావు?"

"ఏమీ అనుకోవడం లేదండి. ముందు ఆ ఆక్సిజన్ గొట్టం మీంచి కాలు తియ్యండి."

ఇది పొగరు కాదు, ఆమె పెట్టుకున్న పద్ధతి. ఫలానావారని తెలిస్తే మాట మెత్తబడుతుంది. మాట మెత్తబడితే బండి తిరగకూడని మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వల్ల నడవగలిగే మనిషి మంచానికి అంటుకుపోతాడు. ఈ వరస ఆమె కళ్లారా చూసింది. అందుకే రోగి వాడే మందులడుగుతుంది గాని హోదా అడగదు; చెప్పబోయినా విననే వినదు.

"మాకక్కడ అందరూ కావలసినవాళ్లే తల్లీ," భర్త పాదాలు రుద్దుతూ బతిమాలింది భార్య. "అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంటారు."

"చూసుకుంటారమ్మా, కాదనను. గడ్డ కరిగే సూదిమందు కూడా ఇస్తారు. కాని ఇంత పెద్ద గడ్డకు అదొక్కటే చాలకపోవచ్చు. బయటికి లాగాలి. లాగేవాళ్లు అక్కడ లేరు. స్కాను తీసి, మా వల్ల కాదని మళ్లీ మాకే కబురు పెడతారు. ఆలోగా మెదడు ఆగదు కదమ్మా!"

"నీకు చెబితే వినేటట్టు లేవు గాని..." బావమరిది ఫోను చెవికి ఆనించాడు. "ఒరేయ్, గేట్లు తెరిపించు! అందరినీ బయటికి రమ్మను. బావగారిని తెస్తున్నాం." ఫోను జేబులో పడేసి ఆమెను కొరకొర చూశాడు. "ఇప్పుడెలా దాటిపోతావో చూస్తా. రేపు నీ ఉద్యోగం ఉంటే ఒట్టు!"

"దాని సంగతి రేపు చూద్దురుగాని. ఇవాళ ఈయన చెయ్యి సంగతి నన్ను చూడనివ్వండి."

బండి మలుపు తిరిగింది. రోడ్డు పక్కనే ఆసుపత్రి. గేట్లు నిజంగానే బార్లా తెరిచి ఉన్నాయి. తెల్లకోట్లవాళ్లు వాకిట్లో బారులు తీరారు. కాపలావాడొకడు చెయ్యెత్తి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేశాడు.

"సిస్టర్, వీడు కదిలేటట్టు లేడు. వీణ్ని కూడా ఎక్కించుకుందామా ఏమిటి?"

ఆమె నోరు తెరిచేలోపే రోగి కుడి చెయ్యి పైకి లేచి ఆమె కోటు అంచు పట్టుకుంది.

"అదిగో! బావే ఆపమంటున్నాడు. చెప్పు బావా, నువ్వే చెప్పు!"

ఆమె అతని మీదికి వంగింది. మాట ముద్దగా వస్తున్నా మనిషికి తెలివి చెదరలేదు. "ఇక్కడ దింపమంటారా? ముందుకు పొమ్మంటారా? మీరు ఎలాగంటే అలాగే చేస్తానని అనను గాని, మీ మాట వినాలనుంది."

అతడు పెదవులు కూడదీసుకున్నాడు. "ఇక్కడ... వద్దు. పో... పోనీ."

డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కాపలావాడు పక్కకు గెంతాడు. బండి గేటు దాటి ఊపందుకుంది. రోగి కోటు అంచు వదిలి, నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.

"ఆయనకున్న నిబ్బరంలో సగం మీకున్నా బాగుండేది," అంది సిస్టర్ నాడి చూస్తూ. దారి తేలిపోయింది కాబట్టి ఇప్పుడు వింటే నష్టం లేదనిపించింది. "ఇందాకటి నుంచీ చెప్పాలని తెగ ఆరాటపడ్డారు. ఇక చెప్పండి, ఎవరండీ మీ బావగారు?"

బావమరిది వెనక అద్దంలోంచి దూరమవుతున్న గేటునూ, నోళ్లు తెరిచి నిలబడిపోయిన తెల్లకోట్లనూ చూస్తూ నీరసంగా అన్నాడు:

"ఆ ఆసుపత్రి ఆయనదే."